కోటప్పకొండ మెట్లూ, రక్తపు పోటూ

కోటప్పకొండకు ఘాట్ రోడ్డున్నా, శివరాత్రికి మెట్లదారినే ఎక్కాలని మా నరసరావుపేట ఇళ్ళల్లో పట్టుదల. ఈ ఏడు మా బావగారు సగం దారిలోనే ఆయాసంతో కూలబడ్డారు. "మొన్ననేగా పోటు సరిగానే ఉందన్నారు!" అని అక్కయ్య ఒకటే ఆదుర్దా.

సరిగానే ఉంది, కుర్చీలో కూర్చున్నంతసేపూ! తరవాత డాక్టరుగారు ట్రెడ్‌మిల్‌మీద నడిపిస్తూ కొలిస్తే పై అంకె 220 దాటింది. శ్రమపడితే ఆ అంకె ఎవరికైనా పెరిగేదే. కాని మగవారికి 210, ఆడవారికి 190 దాటితే, మున్ముందు అసలు రక్తపు పోటే పట్టుకునే అవకాశం ఎక్కువట.

కారణం రక్తనాళాల లోపలి పొర. రక్తం జోరుగా పారగానే అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును పుట్టించి నాళాన్ని వెడల్పు చేస్తుంది. సాగర్ కాలువకు నీరెక్కువ వదిలితే గట్లు తామే వెనక్కు జరిగినట్టన్నమాట! ఈ గుట్టు విప్పినందుకే 1998లో ముగ్గురు అమెరికన్లకు నోబెల్ బహుమానం వచ్చింది. పొర మొద్దుబారితే నాళం సాగదు, పోటు మితిమీరుతుంది.

అలాగని నడక మానరాదు. డాక్టరు సలహామీద రోజూ నడిస్తే ఆ పొర మళ్ళీ చురుకవుతుంది. ఉప్పు రోజుకు 5 గ్రాములకు లోపే ఉండాలి. ఆవకాయ జాడీ దగ్గర ఈ లెక్క ఎవరికి జ్ఞాపకముంటుంది? మిరపకారం మాత్రం ఇందులో ముద్దాయి కాదు. మా పల్నాటివాళ్ళకు అదో ఊరట.