రెండు మిల్లీమీటర్ల రంధ్రం

బల్ల మీద కొత్తగా కూర్చిన గారండ్ రైఫిల్ ఒకటి ఉంది. బ్యారెల్ కొత్తది, చెక్క కొత్తది. ఎనిమిది తూటాల క్లిప్పు పెట్టి మీట నొక్కితే మొదటి గుండు సరిగానే వెళ్లింది. ఖాళీ తొడుగు కూడా ఎగిరి బయటపడింది. కానీ బోల్టు పూర్తిగా వెనక్కి రాలేదు. సగంలో ఆగి, కింద వరసలో ఉన్న రెండో తూటాను అందుకోకుండానే ముందుకు వెళ్లి ఖాళీ తూటా గదిని మూసేసింది. మళ్లీ మీట నొక్కితే టిక్కుమన్న చప్పుడే మిగిలింది. అమెరికాలో ఈ పాత సైనిక రైఫిళ్లను విడిభాగాలతో మళ్లీ కూర్చుకునేవాళ్లకు ఇది బాగా పరిచయమున్న జబ్బు. దీన్ని వాళ్లు ‘షార్ట్ స్ట్రోక్’ అంటారు.

నిన్న కూర్చిన తుపాకీకి ఇవాళే అరుగుదల జబ్బు ఎలా వస్తుంది? కొత్తవి బ్యారెలూ చెక్కా మాత్రమే కాబట్టి. వాటి కింద దాగిన పొడవాటి కడ్డీ, దాని కొసన ఉన్న పిస్టన్, ఆ పిస్టన్ తిరుగాడే సిలిండర్ ఏ రెండో ప్రపంచ యుద్ధం నాటివో, కొరియా యుద్ధం నాటివో అయి ఉండవచ్చు.

బోరింగు కొట్టిన చేతులకు ఈ సంగతి వివరించక్కర్లేదు. లోపలి తోలు వాషరు అరిగితే పిడి ఎంత బలంగా కొట్టినా నీళ్లు పైకి ఎక్కవు. పిడి బాగానే ఉంటుంది, గొట్టం బాగానే ఉంటుంది, అడుగున నీళ్లూ ఉంటాయి. కొట్టిన బలమంతా వాషరు పక్క సందులోంచి జారిపోతుంది. గారండ్‌లో నీళ్ల బదులు మండిన మందు తాలూకు గ్యాస్ ఉంటుంది. ఇక్కడ వాషరు కూడా లేదు. ఉక్కు పిస్టన్‌కీ ఉక్కు సిలిండర్‌కీ మధ్య కావాలనే వదిలిన సన్నని ఖాళీ ఉంది.

ఆ ఖాళీ ఎంతో చూద్దాం. కొత్త పిస్టన్ వ్యాసం సుమారు 0.526 అంగుళం, సిలిండర్ లోపలి వ్యాసం సుమారు 0.531. తేడా అంగుళంలో వెయ్యింట అయిదు వంతులు, మిల్లీమీటర్లలో 0.13. పిస్టన్ 0.525 కంటే తగ్గితే మార్చేయాలని దీన్ని సరిచూసేవాళ్లు అంటారు. అంటే కొత్తదానికీ పారేయాల్సినదానికీ తేడా అంగుళంలో వెయ్యో వంతు. తల వెంట్రుక మందంలో సగం కూడా కాదు. కంటికి రెండు పిస్టన్లూ ఒకేలా మెరుస్తూ కనిపిస్తాయి. మైక్రోమీటరు పెట్టకుండా చెప్పడం ఎవరి తరమూ కాదు.

నేను ఇంకో లెక్క వేసి చూశాను. బ్యారెల్ నుంచి సిలిండర్లోకి గ్యాస్ వచ్చే రంధ్రం వ్యాసం సుమారు రెండు మిల్లీమీటర్లు. దాని వైశాల్యం మూడు చదరపు మిల్లీమీటర్లకు కాస్త పైన. పిస్టన్ చుట్టూ ఉన్న ఉంగరం లాంటి ఖాళీ వైశాల్యం అంతా కొత్తలోనే రెండున్నర దాటుతుంది. పిస్టన్, సిలిండర్ రెండూ చెరో వెయ్యో వంతు అరిగితే మూడున్నర దాటుతుంది. లోపలికి వచ్చే దారి కంటే కారిపోయే దారే పెద్దదవుతుందన్నమాట. అయినా యంత్రం పనిచేస్తుంది. ఆ సందు సన్నగా, పొడవుగా ఉండి గ్యాస్‌ను తేలిగ్గా పోనివ్వదు, పైగా పని అంతా కారిపోవడానికి వ్యవధి లేనంత త్వరగా జరిగిపోతుంది. రంధ్రం బ్యారెల్ కొసకు దాదాపు ఒకటిన్నర అంగుళం ఇవతల ఉంటుంది. సెకనుకు 840 మీటర్ల వేగంతో పోయే గుండు ఆ రంధ్రం దాటి మూతి విడిచి వెళ్లడానికి సెకనులో ఇరవై రెండు వేలో వంతు పడుతుంది. గుండు బ్యారెల్‌కు బిరడాలా ఉన్నది ఆ కాసేపే. పిస్టన్‌కు బలమంతా అందేది అప్పుడూ, మూతి తెరుచుకున్నాక ఒత్తిడి పూర్తిగా పడిపోయేలోపూ.

ఆ తర్వాతి పని ఇనుముది. పిస్టన్ వెనక్కి కదలగానే దానితో కడ్డీ కదులుతుంది. కడ్డీ ముందు కాస్త దూరం ఊరికే జారుతుంది. ఆ జాప్యం కావాలని పెట్టిందే. గుండు బయటపడి లోపలి ఒత్తిడి తగ్గేదాకా బోల్టు తాళం తీయకూడదు. తర్వాత కడ్డీలోని వంపు గాడి బోల్టును తిప్పి తాళం తీస్తుంది, ఖాళీ తొడుగును లాగుతుంది, స్ప్రింగును నొక్కిపెడుతుంది. మిగిలిన సగం పని స్ప్రింగుది.

ఇంత సున్నితమైన ఏర్పాటును మొదట ఊహించినది ఇలా కాదు. దీని రూపకర్త జాన్ గారండ్ 1888 జనవరి 1న కెనడాలో, క్యూబెక్ రాష్ట్రంలోని సాన్ రెమీలో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం అమెరికాకు వలస వెళ్లింది. బట్టల మిల్లులో నేల ఊడ్చే పనితో మొదలుపెట్టి, అక్కడి యంత్రాలు చూస్తూ పనిముట్లు చేసే మిస్త్రీ అయ్యాడు. 1919లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో చేరి, 1953లో విరమించేదాకా అక్కడే ఉన్నాడు. రైఫిల్‌ను మాత్రమే కాదు, దాన్ని తయారుచేసే యంత్రాల్లో చాలావాటినీ ఆయనే రూపొందించాడు. తన హక్కులను 1936లో ప్రభుత్వానికి రాసిచ్చేశాడు. లక్ష డాలర్లు ఇవ్వాలన్న బిల్లు ఒకటి అమెరికా కాంగ్రెస్‌కు వచ్చి నెగ్గకుండా పోయింది. యాభై లక్షలకు పైగా తయారైన రైఫిల్ మీద ఆయనకు ముట్టింది జీతం మాత్రమే. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

ఆయన తొలి నమూనాలో గ్యాసే లేదు. తూటా అడుగున ఉండే చిన్న రాగి మూత పేలుడుకు కాస్త వెనక్కి జరుగుతుంది. ఆ జరుగుబాటుతోనే యంత్రాన్ని నడిపించాడు. 1920ల మధ్యలో సైన్యం తూటాను మార్చింది. మందు మారింది, ఆ మూతను కదలకుండా నొక్కి బిగించారు. ఏళ్ల శ్రమ పనికిరాకుండా పోయి, గారండ్ గ్యాస్ వైపు తిరిగాడు. గ్యాస్‌తో పని చేయించవచ్చన్న ఆలోచన అప్పటికే పాతది. జాన్ బ్రౌనింగ్ 1889లో తుపాకీ కాల్చినప్పుడు మూతి ముందున్న గడ్డి వంగడం చూసి, ఆ వృథా బలంతో మరతుపాకీ నడిపించే ప్రయత్నం మొదలుపెట్టాడని చెబుతారు.

అయితే గ్యాస్‌ను ఎక్కడ తీసుకోవాలి? బ్యారెల్‌కు రంధ్రం పెట్టడం అప్పటి సైనిక ఆయుధ విభాగానికి నచ్చేది కాదు. అందుకని గారండ్ మూతి దగ్గర ఉచ్చు పన్నాడు. బ్యారెల్ కొసకు అవతల ఒక టోపీ లాంటి కొస బిగించాడు. గుండు బ్యారెల్ దాటి, కాస్త ఖాళీ దాటి, టోపీ రంధ్రంలోంచి వెళ్లిపోతుంది. వెనకే వచ్చిన గ్యాస్ ఆ ఖాళీలో చిక్కి కిందనున్న సిలిండర్లోకి మళ్లుతుంది. 1936 జనవరిలో సైన్యం ఆమోదించినది ఈ రూపాన్నే. మరుసటి ఏడాది ఉత్పత్తి మొదలైంది.

నమూనా గదిలో బాగా నడిచినది పటాలంలోకి వెళ్లాక తప్పులు బయటపెట్టింది. మూతి దగ్గరి ఖాళీలో మసి పేరుకునేది, తుడవడం కష్టం. ముందు గురిచూపు, బాయ్‌నెట్టు బిగించే చోటు రెండూ ఆ కొసభాగాల మీదే ఆధారపడేవి. అవి కాస్త వదులైతే గురి చెదిరేది. ఒక మర ఊడి జారితే గుండు దారికే అడ్డం వచ్చే ప్రమాదం ఉండేది. అరుగుదలా వదులూ అక్కడ కేవలం ఆగిపోయే జబ్బు కాదు, కాల్చేవాడి ప్రాణానికే ముప్పు. ఇది మనుషుల్ని చంపడానికి చేసిన యంత్రం. ఆ మాట మరచి దీని గురించి రాయలేను. దాన్ని పట్టుకుని బురదలో పడుకున్న పందొమ్మిదేళ్ల కుర్రాడి ప్రాణం కూడా అదే మర మీద ఉందన్నది అంతే నిజం.

సరిగ్గా అప్పుడే ఇంకో ఫిర్యాదు వచ్చింది. క్లిప్పులో ఏడో తూటా దగ్గర రైఫిల్ ఆగిపోతోంది. ఎప్పుడూ ఏడోదే. రైఫిల్ ఆగిందంటే అందరి చూపూ ముందు గ్యాస్ మీదికే పోతుంది. కానీ గ్యాస్ బలం చాలకపోతే అది మూడో తూటా దగ్గరా ఆగుతుంది, అయిదో తూటా దగ్గరా ఆగుతుంది. లెక్కపెట్టినట్టు ఒకే చోట ఆగదు. వెతకగా వెతకగా తప్పు వేరేచోట దొరికింది. నమూనా గదిలో చేతితో చేసిన రైఫిళ్లకు ఆ జబ్బు లేదు. పెద్ద ఎత్తున తయారీకి కొత్త పనిముట్లు పెట్టినప్పుడు, లోపల తూటాకు దారి చూపే చిన్న గట్టులో కొంత భాగం కోత కత్తికి పోయింది. పైనుంచి ఆనుకునే చోటు లేక, చివరి రెండు తూటాలు మిగిలిన వేళ ఏడోది దారి తప్పి ఇరుక్కునేది. అప్పటికే తయారైనవాటిలో ఆ లోహాన్ని వెల్డింగుతో తిరిగి పూడ్చారు. ఈ రైఫిల్ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. నమూనాకూ తయారీకీ మధ్య మారినది ఏమిటని అడిగి, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకే అది దొరికింది.

మూతి ఉచ్చు మాత్రం మరమ్మతుతో పోయే తప్పు కాదు. 1939 అక్టోబరులో మార్పుకు అనుమతి వచ్చింది. బ్యారెల్‌ను రెండంగుళాలు పొడిగించి, అడుగున ఆ చిన్న రంధ్రం పెట్టారు. పిస్టన్, సిలిండర్ తుప్పుపట్టని ఉక్కువి. ఆనాటి తూటాల అడుగు మూతలోని పేలుడు మందు కాలాక ఉప్పు మిగిల్చేది, మామూలు ఉక్కును అది తొందరగా తినేసేది. 1940 నుంచి కర్మాగారం ఈ కొత్త రూపంలోకి మారింది. అప్పటికి తయారైన యాభై వేల వరకు మూతి ఉచ్చు రైఫిళ్లలో చాలావాటిని తర్వాత కొత్త పద్ధతిలోకి మార్చేశారు. మారకుండా మిగిలినవాటి కోసం ఇవాళ సేకరించేవాళ్లు వెతుకుతుంటారు.

యుద్ధంలోకి వెళ్లాక రైఫిల్ వానకు మొరాయించింది. కుండపోతలో కాలిస్తే కడ్డీ వంపు గాడీ, బోల్టు చెవీ ఒకదాన్నొకటి రాసుకుని పట్టేసుకునేవి. నీళ్లు నూనెను కడిగేసేవి. దానికి మందు గ్రీజు. పిడి లోపలి గూట్లో చిన్న గ్రీజు డబ్బీ చేరింది. రాసుకునే చోట్ల గ్రీజు పెట్టాలి, సిలిండర్ లోపల మాత్రం చుక్క నూనె కూడా ఉండకూడదు. అక్కడ నూనె కాలి, మసై, గట్టిపడుతుంది. ఆ మసిని గీకడానికి గరుకు కాగితం పట్టినవాడు మసితో పాటు వెయ్యో వంతు ఉక్కును కూడా తీసేస్తాడు. పైన చెప్పిన లెక్క ప్రకారం ఒక పిస్టన్ ఆయుష్షు మొత్తం అంతే.

గారండ్ పెట్టిన రంధ్రానికి పెంచే తగ్గించే ఏర్పాటు లేదు. ఒక రకం తూటాకు సరిపోయేలా కొలిచి పెట్టారు. నిదానంగా మండే మందున్న తూటా వాడితే, గుండు రంధ్రం దగ్గరికి వచ్చేసరికి ఒత్తిడి ఇంకా ఎక్కువగా ఉండి, పిస్టన్‌ను గట్టిగా తన్నుతుంది. బ్యారెల్‌ను తప్పించుకోవడానికి వంచి చేసిన కడ్డీ ఆ దెబ్బకు ఇంకా వంగిపోతుంది. తర్వాతివాళ్లు ఈ చిక్కును రకరకాలుగా విప్పారు. తర్వాతి అమెరికా సైనిక రైఫిల్ ఎం-14లో పిస్టన్‌ను బోలుగా చేశారు. అది కాస్త వెనక్కి జరగగానే రంధ్రానికి రంధ్రం తప్పి గ్యాస్ దానంతట అదే ఆగిపోతుంది. మన సైన్యం దశాబ్దాల పాటు మోసిన ఇషాపూర్ ఎస్ఎల్ఆర్‌లో ముందు ఒక చిన్న తిరుగుడు ఉండేది. ఎక్కువైన గ్యాస్‌ను అది బయటికి వదిలేస్తుంది. మసి పట్టి యంత్రం మందగిస్తే జవాను దాన్ని కాస్త తిప్పి, వదిలే దారిని మూసి, పిస్టన్‌కు ఇంకొంచెం గ్యాస్ ఇచ్చేవాడు. అది గొప్ప సౌకర్యం. అయితే తిప్పాల్సిన భాగం ఒకటి పెరిగిందంటే తప్పు తిప్పే అవకాశమూ పెరిగినట్టే. పద్దెనిమిదేళ్ల రంగరూటు చేతికి ఇచ్చే తుపాకీలో స్థిరమైన రంధ్రం పెట్టడం ఆ కాలానికి సబబైన నిర్ణయమనే నా అభిప్రాయం.

బల్ల మీది రైఫిల్ ఇంకా అక్కడే ఉంది. దాన్ని చూసే మనిషి ముందే కొత్త కడ్డీ కొనడు. కాల్చిన తూటా ఏ రకమో అడుగుతాడు. తూటా గది ఖాళీగా ఉందని మరోసారి చూసుకుని, స్ప్రింగు తీసి పక్కన పెడతాడు. కడ్డీనీ బోల్టునూ తిరిగి బిగించి, రైఫిల్‌ను మెల్లగా అటు ఒకసారి, ఇటు ఒకసారి వంచుతాడు. స్ప్రింగు లేని కడ్డీ తన బరువుకే జారి పోవాలి, జారి రావాలి. ఎక్కడైనా ఆగిందా, చెక్క తగులుతోందో, కడ్డీ వంగిందో అక్కడే తెలిసిపోతుంది. కొత్త చెక్కతో కూర్చిన రైఫిళ్లలో ఇది తరచూ జరిగేదే. జారుడు బాగుంటే స్ప్రింగు పొడవు చూస్తాడు. తర్వాత సిలిండర్ ముందున్న మర వదులైందేమో బిగించి చూస్తాడు. దాని పక్కనుంచి గ్యాస్ కారితే పిస్టన్ ఎంత బాగున్నా లాభం లేదు. కొత్త బ్యారెల్ కాబట్టి దాని రంధ్రమూ, సిలిండర్ రంధ్రమూ ఒకదానికొకటి ఎదురుగా పడ్డాయో లేదో చూస్తాడు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే మైక్రోమీటరు పెట్టెలోంచి తీసి, పిస్టన్‌ను మెత్తటి గుడ్డతో తుడిచి, ఒక కొలత తీసుకుని, పిస్టన్‌ను కాస్త తిప్పి ఇంకో కొలత తీసుకుంటాడు. అరుగుదల ఎప్పుడూ గుండ్రంగా జరగదు.