సారమేయుని వంతు

భారతకథ ఆరంభమునందే ఒక కుక్కపిల్ల కానవచ్చును. జనమేజయుడు కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా, దేవతల శునకమగు సరమకు పుట్టిన పిల్ల ఆ యజ్ఞశాలకు వచ్చెను. రాజు తమ్ములు దానిని కొట్టి తఱిమిరి. అది హవిస్సును నాకలేదు. కన్నెత్తి చూడనైనను లేదు. తప్పు చేయనిదానిని దండించితిరేల యని తల్లి వచ్చి అడిగినప్పుడు వారి నోట బదులు రాలేదు. అంతట ఆమె శపించినది. కథ ముగియవచ్చిన వేళ, మహాప్రస్థానమున, తన వెంట నడచిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు పట్టుపట్టినాడు. అంతటి మహాగ్రంథమునకు రెండు గట్టులవలె రెండు శునకములు నిలిచియున్నవి. మొదటిదానిది తిండిని గూర్చిన నింద. రెండవదానిది నమ్మినదానియెడ మనిషికి గల బాధ్యత. కుక్కకు ఏమి పెట్టవలెనను నేటి చర్చకు ఈ రెండు కథలును తోడువచ్చును.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతము ఒకప్పటి కృష్ణాజిల్లా మెట్టసీమ, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు బేతవోలునకు తన తండ్రి పేరు పెట్టగా వెలసిన జగ్గయ్యపేట చెంత పాలేరు, నందిగామ చెంత మునియేరు పాఱుచున్నవి. ప్రత్తి, మిరప పండు నల్లరేగడి నేలలివి. పంట తీసిన చేలలోనికి గొఱ్ఱెల మందలు దిగును. ఎరువునకై రైతు తన చేనిలో మందను కట్టించుకొనును. మంద వెంట కాపరి, కాపరి వెంట కుక్క.

జొన్న ప్రధానాహారమైన దినములలో ఆ కుక్క తిండియు జొన్నయే. సంకటి ముద్ద, ఇంత మజ్జిగ, కుండ అడుగున మిగిలిన మాడు, పండుగనాడు నాలుగు ఎముకలు. ఇల్లాలు చివరి ముద్దను అరుగు క్రింద పెట్టి పిలిచెడిది. వైశ్వదేవమున కాకికిని కుక్కకును బలి విడువవలెనని ధర్మశాస్త్రములు చెప్పినవి. ఆ శాస్త్రము చదువని యిల్లాలును ఆ ధర్మమును తప్పలేదు. శతకకవులు కుక్కను నీచత్వమునకు ఉపమానము చేసిరి గాని, ఇంటి పొయ్యి దానికి వంతు లేదనలేదు.

ఇప్పుడొక క్రొత్త వాదము బయలుదేరినది. కుక్క తోడేలు సంతతి. తోడేలు అన్నము వండుకొనదు. కాబట్టి కుక్కకు పచ్చి మాంసము, పచ్చి ఎముకలు, కార్జము మొదలగునవి పెట్టుటయే ప్రకృతి ధర్మమని దాని సారాంశము. ఆస్ట్రేలియా దేశపు పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో వెలువరించిన గ్రంథముతో ఈ మాటకు ప్రచారము హెచ్చినది. డబ్బాలలో అమ్ముడుపోవు ఎండు తిండిపై విసిగినవారికి ఇది చెవికింపుగనే యుండును. ఇంట చేసిన తిండి మేలనుట ఒప్పుకొనవలసిన మాటయే. అయితే పచ్చిదే ప్రకృతి యనుట వేఱు విషయము.

తోడేలు కుక్కయై వేలయేండ్లు గడచినవి. మనిషి పొయ్యి చెంత మెలగి మెలగి దాని దేహమే మాఱినది. పిండిపదార్థమును అరిగించు రసమునకు మూలమైన ఒక జన్యువు తోడేలులో రెండు ప్రతులుగా నుండగా, కుక్కలలో నాలుగు మొదలు ముప్పది వరకు కలవని 2013లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. అనగా సంకటి ముద్ద కుక్కకు మనము చేసిన అపచారము కాదు. దానితో మనకు గల పొత్తునకు గుర్తు. వట్టి మాంసమే పెట్టినచో సున్నపుపాలు చాలక, ఎదుగు పిల్లల ఎముకలు బలహీనపడును.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. పచ్చి మాంసము మెట్టసీమ కుక్కకు క్రొత్త కాదు. గొఱ్ఱెను కోసినచోట పనికిరాదని విసరివేసిన ఊపిరితిత్తులు, పుండ్లవలె కనబడు కార్జపు ముక్కలు దాని పాలబడుచునే యున్నవి. ఆ ముక్కలలో ఒక్కొక్కప్పుడు నీటిబుడగల వంటి తిత్తులుండును. వైద్యులు వానిని హైడాటిడ్ తిత్తులందురు. కుక్క వానిని పచ్చిగా తినగనే, లోపలి సూక్ష్మజీవులు దాని ప్రేవులలో చిన్న బద్దెపురుగులగును. బియ్యపుగింజంత పొడవైనను లేని పురుగులవి. ఆఱేడు వారములలో వాని గ్రుడ్లు మలముతో వెలువడి మట్టిని, గడ్డిని, నీటిని, కుక్క బొచ్చును అంటుకొనును. గొఱ్ఱె ఆ గడ్డిని మేయును. తిరిగి తిత్తులు పుట్టును. కుక్కను నిమిరి చేయి కడుగని బిడ్డ అన్నము తినును; ఆ బిడ్డ కార్జములోనో ఊపిరితిత్తులలోనో తిత్తి పుట్టి, ఏండ్ల తరబడి చడిచప్పుడు లేక పెరుగును. అది పగిలినచో ప్రాణాపాయము. మందులు కలవు గాని పెక్కుసారులు శస్త్రచికిత్స తప్పదు. ఆంధ్రదేశమున వైద్యులకిది ఎఱుగని వ్యాధి కాదు. ఇంతకును పురుగులను మోయు కుక్క మాత్రము హుషారుగా తోక ఆడించుచుండును. దానిని చూచి వ్యాధిని పోల్చుకొనుట అసాధ్యము.

గొఱ్ఱెలే బ్రతుకైన ఐస్‌లాండు ద్వీపము ఒకప్పుడు ఈ వ్యాధితో నలిగినది. హెరాల్డ్ క్రాబె యను డెన్మార్కు పండితుడు 1863లో అచ్చటికి పోయి, తిత్తి నుండి కుక్కకు, కుక్క నుండి మనిషికి పోవు దారిని పరిశీలించెను. 1864లో ప్రజల భాషలో ఒక చిన్న పుస్తకము వెలువడి ఇంటింటికిని ఉచితముగా చేరినది. చదువుట యందు మక్కువ గల జాతి. పొడవైన చలికాలపు రాత్రులలో దానిని చదువుకొనిరి. 1869లో చట్టమును వచ్చినది. తిత్తులు గల ప్రేగులు కుక్కకు వేయరాదు, కాల్చవలెను లేదా పూడ్చవలెను. క్రమముగా ఆ దేశము వ్యాధిని పాఱద్రోలినది. కుక్కలనన్నిటిని చంపి సాధించిన విజయము కాదది. అక్షరము గడపగడపకును పోయి సాధించినది.

మెట్టసీమలో చేయవలసినదియు ఇంతకంటె కష్టము కాదు. కార్జము, మాంసము కుక్కకు పెట్టదలచినచో లోపలి వఱకు బాగుగ ఉడికించి పెట్టవలెను. తిత్తులున్న భాగములను కుక్కలు త్రవ్వలేనంత లోతున పూడ్చవలెను. పశువైద్యుని సలహాతో ప్రాజిక్వాంటెల్ అను మందును వేళకు వేయింపవలెను. కుక్కను తాకిన చేతిని, పెరటి ఆకుకూరను కడుగవలెను. ఇక తిండి విషయమున అమ్మమ్మల పద్ధతియే చాలవఱకు చాలును: అన్నమో సంకటియో, పెరుగో మజ్జిగయో, ఉడికిన గ్రుడ్డో మాంసమో. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష దానికి విషములు. ఉడికిన ఎముక ముక్కలై గొంతునో ప్రేగునో గ్రుచ్చును కాన, పండుగనాటి ఆ ఎముకలను మాత్రము మానవలెను.

రేపు ఒక యింట బిడ్డ కడుపులో తిత్తి బయటపడినచో, వెంటనే వినబడు మాట ‘కుక్క వలన వచ్చినది’ యనియే. కఱ్ఱ లేచును, వీధి కుక్క కుయ్యోమనును. ఊపిరితిత్తిని దాని ముందు విసరిన చేయి మాత్రము ఎవరికిని జ్ఞాపకమునకు రాదు. సరమ అడిగిన ప్రశ్నకు జనమేజయుని తమ్ములు ఆనాడు బదులు చెప్పలేకపోయిరి. ఆ ప్రశ్న నేటికిని యజ్ఞశాల వాకిట నిలిచియే యున్నది. దానికి బదులు వాదములలో దొరకదు. పొయ్యిమీద మఱొక పది నిమిషములు ఉడికిన ముద్దలో దొరకును.