హారన్ గట్టిగా మోగుతున్నా సెల్ఫ్ ఎందుకు ఈడుస్తుంది?

బ్రిటన్‌లో కారును కిట్‌గా కొని ఇంటి గ్యారేజీలోనే కట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. 1957లో కోలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్ అలా కట్టుకోవడానికి అమ్మిన బండే. 1973 నుంచి దాన్ని కేటర్‌హామ్ తయారు చేస్తోంది. 1996లో రాన్ ఛాంపియన్ రాసిన పుస్తకం చదివి, పాత ఫోర్డ్ ఎస్కార్ట్ భాగాలతో ఛాసిస్ నుంచి అన్నీ సొంతంగా వెల్డింగ్ చేసుకున్నవాళ్లూ ఉన్నారు. ఇలాంటి కార్లలో తరచూ కనిపించే జబ్బు ఒకటుంది. బ్యాటరీ కొత్తది, లైట్లు దేదీప్యమానంగా వెలుగుతాయి, హారన్ అదిరిపోతుంది. సెల్ఫ్ కొడితే మాత్రం ఇంజను మూలుగుతూ తిరుగుతుంది.

లైట్లకు సరిపోయిన కరెంటు సెల్ఫ్ మోటారుకు ఎందుకు చాలదు?

ఒక హెడ్‌లైటు బల్బు లాగేది నాలుగైదు ఆంపియర్లు. నాలుగు సిలిండర్ల ఇంజనును తిప్పే మోటారు సుమారు 150 ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఎక్కడో ఒక తుప్పు పట్టిన లగ్గు దగ్గర 0.01 ఓమ్ అడ్డు ఉందనుకోండి. బల్బుకు పోయేది 0.05 వోల్టు కూడా ఉండదు, కంటికి తేడా తెలియదు. మోటారుకు మాత్రం అక్కడే 1.5 వోల్టులు పోతాయి. మోటారు ఎంత వేగంగా తిరగాలో నిర్ణయించేది దానికి అందే వోల్టేజీ కాబట్టి అది ఈడుస్తుంది. ఇంత చిన్న అడ్డును మల్టీమీటరులోని ఓమ్ స్కేలు పట్టుకోలేదు. అందుకే బండి ఆపి వైర్లు కొలిచి ‘అన్నీ బాగానే ఉన్నాయి’ అనుకుంటే లాభం లేదు. కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి.

కిట్ కారులోనే ఈ బాధ ఎక్కువెందుకు?

కంపెనీ కారుకు బాడీ అంతా ఇనుమే. కిట్ కారుకు బాడీ తరచుగా ఫైబర్‌గ్లాసు, దానిలో కరెంటు పారదు. ఛాసిస్‌కు వేసిన పౌడర్ కోటింగ్ కూడా కరెంటును ఆపేస్తుంది. ఇంజనేమో రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుంది. అంటే బ్యాటరీ నెగటివ్‌కు తిరుగుదారి దానంతట అది ఏర్పడదు, కట్టినవాళ్లే వేయాలి. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఎర్త్ పట్టీ మరిచిపోతే ఆ కరెంటంతా యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోవడానికి చూస్తుంది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబుల్ తొడుగు ముట్టుకుంటే వేడిగా తగిలిందా, దొంగ దొరికినట్టే.

బరువు సర్దడానికి బ్యాటరీని డిక్కీలో పెట్టిన బండ్లకు ఇంకో చిక్కు. అయిదు మీటర్ల 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 150 ఆంపియర్ల దగ్గర 0.8 వోల్టు తినేస్తుంది. అదే 35 వేస్తే 0.4 లోపే. కేబుల్ దగ్గర పొదుపు చేయకండి.

మరి ఎలా పట్టుకోవాలి?

గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను అందుకోకుండా కాయిల్ వైరు తీసేసి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అయిదు సెకన్లు చాలు. మీటరు రెండు మొనలూ ముందు బ్యాటరీ పోస్టుల మీద ఆనించండి. సెల్ఫ్ తిరుగుతుండగా 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతే ముందు బ్యాటరీని నిండా చార్జ్ చేసి మళ్లీ చూడండి. అది నిలబడితే, ఒక మొన నెగటివ్ పోస్టు మీద, రెండోది సెల్ఫ్ మోటారు ఒంటి మీద పెట్టండి. క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే, ఎందుకంటే నేరస్థలం ఆ రెండింటి మధ్యే కావచ్చు. 0.2, 0.3 వోల్టు చూపిస్తే పర్వాలేదు. ఒక వోల్టు దాటితే ఎర్త్ దారిలోనే లోపం. పోస్టు నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి ఇంజనుకు మొనను జరుపుకుంటూ వెళ్లండి. అంకె ఎక్కడ ఎగిరిందో అక్కడ బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా రంగు గీకి, మళ్లీ బిగించి, పైన గ్రీజు పూయాలి. పాజిటివ్ వైపు కూడా ఇదే పద్ధతి. మధ్యలో ఎర్ర తాళంచెవి ఉండే చవకరకం కటాఫ్ స్విచ్ ఉంటే దాని రెండు కొసల మధ్యా తప్పక కొలవండి.

మీటరు లేదా? జంపర్ కేబుల్‌ను నెగటివ్ పోస్టుకూ, రంగు లేని చోట ఇంజను బ్లాకుకూ తగిలించి సెల్ఫ్ కొట్టండి. ఇంజను చురుగ్గా తిరిగితే ఎర్త్ లోపమే.

రెండు వైపులా అంకెలు బాగుండీ ఈడుస్తుంటే మోటారును విప్పి చూడాలి, లేదా ఇంజనే బిగుసుకుని ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు బాగా తిరిగి, కాసేపు నడిపాక మొరాయిస్తే ఎగ్జాస్ట్ పైపులు మోటారుకు మరీ దగ్గరగా ఉన్నాయేమో చూడండి. రాగి వంద డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం దాదాపు 40 శాతం పెరుగుతుంది. నడుమ రేకు అడ్డం పెడితే తగ్గుతుంది.

కాయిల్ వైరు తీసేయగానే ఇంజను చకచకా తిరిగితే మాత్రం తప్పు కరెంటుది కాదు. స్పార్క్ ముందుగా పడి పిస్టన్‌ను వెనక్కి తోస్తోంది. డిస్ట్రిబ్యూటర్ వదులు చేసి, టైమింగ్ లైటుతో గుర్తులు చూసి సరిచేయాలి.