వాపసు వచ్చు పన్ను – నెలనెలా చేతికందు జీతము



మన గ్రామములనుండి అమెరికా సంయుక్తరాష్ట్రములకు పోయి ఉద్యోగములు చేయుచున్న బిడ్డలు అనేకులు గలరు. వసంతకాలమున వారిలో కొందరు "ఈ యేడు ప్రభుత్వమువారు 3,000 డాలర్లు ఇచ్చిరి" అని తల్లిదండ్రులకు ఫోనులో చెప్పుదురు. విన్న పెద్దలు అది బహుమానమని సంతసింతురు. ఆ సొమ్ము ఎవరిది? అది ఒక్కమారు పెద్దమొత్తముగా వచ్చుట మేలా, నెలనెలా జీతముతో కలిసి వచ్చుట మేలా? ఈ విషయమును నేడు విచారింతము.

ఆ దేశమున ఆదాయపు పన్నును పూర్వము సంవత్సరము గడచిన పిమ్మట చెల్లించుచుండిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున పన్ను కట్టవలసినవారి సంఖ్య మిక్కిలి పెరిగెను. అందుచే 1943లో శాసనముచేసి, ఆ యేడు జులై 1వ తేదీనుండి యజమానియే జీతములో పన్ను మినహాయించి ప్రభుత్వమునకు కట్టు పద్ధతిని నెలకొల్పిరి. మన దేశమునందును ఉద్యోగులకు, పింఛనుదారులకు ఇట్టి మినహాయింపు కలదు. అమెరికాలో ఎంత మినహాయింపవలెనో తెలుపుటకై ఉద్యోగి డబ్ల్యు-4 అను పత్రము పూరించి యజమానికి ఇయ్యవలెను. ఇది అంచనా మాత్రమే. మరుసటి యేడు, సాధారణముగా ఏప్రిల్ 15వ తేదీలోగా, అసలు లెక్క దాఖలు చేయవలెను. ఎక్కువ కట్టియున్నచో తిరిగి వచ్చును. తక్కువైనచో కట్టవలసి వచ్చును.

పాలేరొకడు తనకు రావలసిన జీతపు గింజలలో నెలకొక కుంచము కామందు గాదెలోనే విడిచి, ఉగాదినాడు పండ్రెండు కుంచములు తెచ్చుకొని, "కామందు దయచేసెను" అని మురిసినచో మీరేమందురు? గింజలు వానివే గదా! ఏడాదిపాటు అవి కామందునకు అక్కరకు వచ్చెను; పాలేరునకు వడ్డీగింజ యొక్కటియు రాలేదు. అమెరికా ప్రభుత్వమును అట్లే. ఏడాది పొడవున తనయొద్ద నిలిచిన అధికపు పన్నునకు వడ్డీ ఇయ్యదు. లెక్క దాఖలైన పిమ్మట వాపసు చేయుటలో 45 దినములు మించి జాగుచేసినప్పుడే వడ్డీ మాట వచ్చును.

ఇక నష్టమెంతయో లెక్కింతము. 3,000 డాలర్లనగా నెలకు 250. జనవరి చివర చేతికి రావలసిన 250 మరుసటి యేడు మార్చి చివర వచ్చినచో పదునాలుగు నెలల జాగు. డిసెంబరు చివర రావలసినది మూడు నెలల జాగు. పండ్రెండు నెలల జాగులను కూడినచో 102 నెలలగును. సొమ్ము బ్యాంకులో ఏడాదికి నూటికి 4 వంతున ఉండదగినదైనచో, పోయిన వడ్డీ 85 డాలర్లు. అది పెద్ద నష్టము గాదు. కాని ఆ బిడ్డకు క్రెడిట్ కార్డు అప్పున్నదనుకొందము. ఏడాదికి నూటికి ఇరువదికి మించిన వడ్డీ దానికి సామాన్యము. మన ఊరి మాటలో రెండు రూపాయల వడ్డీ యనుకొన్నచో, అదే సొమ్ముపై నష్టము 510 డాలర్లు! తన సొమ్ము ఒకచోట వడ్డీలేక పడియుండగా, మరియొకచోట రెండు రూపాయల వడ్డీ కట్టుచుండుట వివేకమా?

అయినను పెద్దమొత్తము కోరువారిని తెలివిలేనివారనరాదు. నెలకు 250 చేతికి వచ్చినచో కనబడకుండ ఖర్చగును. 3,000 ఒక్కసారి వచ్చినచో అప్పు తీరును, లేదా వస్తువు అమరును. స్వల్పాదాయపు శ్రామిక కుటుంబములకు 1975 నుండి పన్ను లెక్కద్వారా ఒక సహాయము లభించుచున్నది. వారికి వచ్చు మొత్తములో కొంత తాము కట్టిన పన్నుగాక ఈ సహాయమే. దానిలో కొంతభాగమును ముందుగా జీతముతో పొందు వీలును 1979 నుండి 2010 వరకు కల్పించిరి గాని, దానిని కోరినవారు బహుకొద్దిమంది. చీటీపాటలో నెలనెలా సొమ్ము వేయు మనవారికి ఈ మనస్సు తెలియనిది గాదు.

మినహాయింపును మరీ తగ్గించుటయు ప్రమాదమే. లెక్కనాటికి కట్టవలసిన బాకీ 1,000 డాలర్లకు లోపలనున్నను, ఆ యేటి పన్నులో నూటికి 90 పాళ్లు గాని, గతసంవత్సరపు పన్ను పూర్తిగా గాని సకాలమున చెల్లియున్నను జరిమానా యుండదు. పెద్ద ఆదాయముగలవారి విషయమున గతసంవత్సరపు పన్ను నూటికి 110 పాళ్లు కావలెను. వివాహమైనప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు, ఉద్యోగము మారినప్పుడు డబ్ల్యు-4 పత్రమును మరల సరిచూచుకొనవలెను.

నా అభిప్రాయమిది. హెచ్చువడ్డీ అప్పున్నవారు వాపసును తగ్గించుకొని, నెలనెలా వచ్చు సొమ్మును నేరుగా అప్పునకే జమకట్టుట మేలు. అప్పులేక, పొదుపునకు మనస్సు నిలువనివారికి ఆ 85 డాలర్ల నష్టము కాపలాకూలి వంటిది. నిగ్రహము గలవారు జీతము పడినదినముననే 250 డాలర్లు వేరొక ఖాతాకు పోవునట్లు ఏర్పరచుకొన్నచో, వడ్డీయు దక్కును, మొత్తమును కూడును.

పెద్దలారా! మీ బిడ్డలు ఇకమీదట వాపసు వచ్చినదని చెప్పినప్పుడు, "నాయనా, నీకు అప్పేమైన నున్నదా?" అని మెల్లగా అడుగుడు. ఇంటి కప్పునకు, పెండ్లి ఖర్చునకు ఆ సొమ్మును ముందుగా ముడిపెట్టకుడు. ఒక యేడు వచ్చినది మరుసటి యేడు రాకపోవచ్చును. దూరదేశమున ఒంటరిగా అప్పు మోయుచున్న బిడ్డకు మీ ప్రశ్న కొంత బరువును దింపును.