నవజాత శిశువు తొలి పరీక్ష – కోనసీమ పురిటింటి పదజాలం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పుట్టిన బిడ్డను తల నుంచి పాదాల వరకు పరీక్షించడం ఆసుపత్రులలో నిత్యకృత్యం. ఆ పరీక్షలో వైద్యులు గమనించే లక్షణాలలో కొన్నింటికి పురిటింటి తెలుగులో ముందునుంచే పేర్లున్నాయి. వాటిలో కొన్ని ప్రమాదాన్ని సరిగ్గా పట్టిస్తాయి, మరికొన్ని దారి తప్పిస్తాయి. ఈ రెంటినీ వేరుచేసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నవజాత శిశువు, కోనసీమ, పురిటిల్లు, మాడు, మొర్రి, కామెర్లు, ఆశా కార్యకర్త.

1. ఉపోద్ఘాతం:
గౌతమి, వసిష్ఠ, వైనతేయ అనే గోదావరి పాయల నడుమ విస్తరించిన డెల్టా సీమ కోనసీమ. అమలాపురం కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఇది ప్రత్యేక జిల్లా అయింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఆసుపత్రులలో సాధారణ కాన్పు జరిగిన బాలింత, ఇబ్బందులేవీ లేకపోతే, రెండు మూడు రోజులలో ఇంటికి చేరుతుంది. తొలి కాన్పు అయితే ఆ ఇల్లు ఆనవాయితీగా పుట్టిల్లు. కొందరికి అది రేవు దాటి వెళ్ళవలసిన లంక గ్రామం.

పసిబిడ్డలలో కామెర్లు సాధారణంగా ఎక్కువయ్యేది మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్యలో. పుట్టుకతో వచ్చే కొన్ని గుండె లోపాలు కూడా మొదటి రోజున కనిపించక, తరువాత బయటపడతాయి. అంటే ఆసుపత్రి పరీక్ష ముగిశాక కూడా బిడ్డను కనిపెట్టి చూడవలసిన రోజులు మిగిలే ఉంటాయి. ఆ రోజులలో చూసే కళ్ళు తల్లివి, అమ్మమ్మవి. వారు ఏ మాటతో చూస్తారన్నది భాషకు ఎంత సంబంధించిన విషయమో, బిడ్డ క్షేమానికీ అంతే సంబంధించినది.

2. ఆసుపత్రిలో పరీక్ష క్రమం:
అమెరికాకు చెందిన మత్తు వైద్యురాలు వర్జీనియా ఆప్గార్ 1952లో ఒక కొలమానాన్ని రూపొందించారు. గుండె వేగం, శ్వాస, కండరాల బిగువు, స్పర్శకు ప్రతిస్పందన, ఒంటి రంగు అనే ఐదు అంశాలకు 0 నుంచి 2 వరకు అంకెలు వేస్తారు. బిడ్డ పుట్టిన 1వ నిమిషంలోను, 5వ నిమిషంలోను ఈ లెక్క చూస్తారు. ఇది తక్షణ స్థితిని తెలిపేది మాత్రమే. సమగ్ర పరీక్ష తరువాత, సాధారణంగా 24 గంటలలోపు జరుగుతుంది.

ఆ పరీక్ష ముట్టుకోవడంతో కాక చూడటంతో మొదలవుతుంది. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడే శ్వాసను నిండు నిమిషం లెక్కిస్తారు. నిమిషానికి 60 దాటితే తిరిగి లెక్కించి నిర్ధారించుకుంటారు. గుండె చప్పుడు వింటారు. బరువు, తల చుట్టుకొలత కొలుస్తారు. 2.5 కిలోలకు తగ్గితే తక్కువ బరువుగా పరిగణిస్తారు. కంటిపాపలో వెలుగు వేసి ఎర్రని మెరుపు వస్తున్నదా అని చూస్తారు. అది రాకపోతే శుక్లం వంటి లోపాన్ని అనుమానించాలి. నోరు తెరిచి అంగిలి చూస్తారు. తొడలను మెల్లగా విప్పి తుంటి కీలు జారుతున్నదా అని పరిశీలిస్తారు. బిడ్డను బోర్లా తిప్పి వెన్నెముకను, మలద్వారాన్ని, చివరకు పాదాల వంకరను గమనిస్తారు.

3. సరిగ్గా పట్టించే మాటలు:
‘మాడు’ అన్నది ఇటువంటి మాట. నడినెత్తిన ఎముకలు ఇంకా కలవని మెత్తని చోటు అది. చాలామంది పిల్లలలో ఏడాదిన్నర వయసుకు మూసుకుంటుంది. ‘మాడు కొట్టుకుంటోంది’ అని పెద్దలు గమనించేది సహజమైన నాడి కదలికనే. మాడు లోతుకు పోతే ఒంట్లో నీరు తగ్గిందని, ఏడవనప్పుడు కూడా ఉబ్బి బిగుసుకుని ఉంటే మెదడుపై ఒత్తిడి ఉండవచ్చని వైద్యులు అనుమానిస్తారు. మాడుకు ఆముదం పెట్టే చేతికి ఈ తేడా అందరికన్నా ముందు తెలుస్తుంది.

‘డొక్కలు ఎగరేయడం’ మరొకటి. ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోవడాన్ని ఈ మాట కళ్ళకు కట్టిస్తుంది. వైద్యశాస్త్రం దీనిని తీవ్రమైన శ్వాస ఇబ్బందికి గుర్తుగా భావిస్తుంది. ‘పాలు పట్టడం లేదు’, ‘ఒళ్ళు చల్లబడింది’ అన్నవి కూడా ఆలస్యం చేయకూడని సూచనలే. ఈ మాటలను అనువదించనక్కరలేదు, ఉన్నవి ఉన్నట్టుగా ఆసుపత్రికి చేరితే చాలు.

4. దారి తప్పించే మాటలు:
‘గ్రహణం మొర్రి’ అన్న పేరు లోపాన్ని చెబుతూనే తల్లిపై నింద మోపుతుంది. గర్భం తొలి మూడు నెలలలో ముఖభాగాలు కలిసే క్రమం పూర్తి కాకపోతే పెదవి గాని, అంగిలి గాని చీలి ఉంటుంది. గ్రహణ సమయంలో ఆమె బయటకు వచ్చిందా, కత్తిపీట పట్టిందా అన్నదానితో దీనికి సంబంధం లేదు. శస్త్రచికిత్సతో దీనిని సరిచేయవచ్చు. ‘మొర్రి’ అన్న మాట ఒక్కటే లోపాన్ని తెలపడానికి చాలు, ‘గ్రహణం’ చేర్చనక్కరలేదు.

కామెర్ల విషయంలో చిక్కు పేరుతో కాదు, ‘పసిపిల్లలకు మామూలే’ అన్న మాటతో వస్తుంది. చాలామందికి అది నిజమే. అయితే పుట్టిన 24 గంటలలోపు కనిపించినా, అరచేతులకు, అరికాళ్ళకు పసుపు పాకినా మామూలు కాదు. మితిమీరిన కామెర్లు మెదడును దెబ్బతీయగలవు. పసరు పోయడం, ఉదయపు ఎండలో పడుకోబెట్టడం వైద్యానికి ప్రత్యామ్నాయాలు కావు. పైగా తలుపులు మూసిన పురిటిగది మసక వెలుతురులో, చామనఛాయ ఒంటిపై పసుపు తెలియదు. పగటి వెలుగులో నుదుటిని, రొమ్మును వేలితో నొక్కి వదిలి చూడాలి.

పసికందు రొమ్ములు ఉబ్బితే పాలు పిండాలనడం కూడా ఇటువంటిదే. ఆ వాపు తల్లి హార్మోన్ల ప్రభావం, తనంత తానే తగ్గుతుంది. పిండితే చీము పట్టవచ్చు.

5. ఇంటి వద్ద పరీక్ష:
ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వచ్చి చూడాలన్నది 2011లో మొదలైన గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ నియమం. బరువు, ఉష్ణోగ్రత, బొడ్డు, పాలు తాగే తీరు ఆమె గమనిస్తుంది. ఆమె, అమ్మమ్మ మాట్లాడుకునేది ఒకే తెలుగు. “మాడు ఎలా ఉందండీ? డొక్కలు ఎగరేస్తున్నాడా?” అని అడిగితే సమాధానం వెంటనే వస్తుంది. అదే ప్రశ్నను పుస్తకాల పరిభాషలో అడిగితే తల ఊపడమే సమాధానమవుతుంది. వరద రోజులలో లంకల నుంచి ఫోనులోనే లక్షణం చెప్పవలసి వచ్చినప్పుడు ఈ స్పష్టత మరింత అవసరం.

6. ముగింపు:
వైద్య పరిభాషను తెలుగులోకి తేవడమంటే కొత్త సంస్కృత సమాసాలు కూర్చడమే కానక్కరలేదు. పురిటింటి మాటలను సేకరించి, ఏది ఏ లక్షణాన్ని సూచిస్తుందో వైద్యులతో సరిచూసి, తల్లులకిచ్చే కరపత్రాలలో, ఆశా శిక్షణలో వాడుకోవడం భాషా పరిశోధకులు చేయదగిన పని. సరైన మాటను నిలుపుకొని, తప్పుదారి పట్టించే మాటను కారణం చెప్పి సవరిస్తే, ఆసుపత్రిలో మొదలైన పరీక్ష పురిటింట్లోనూ కొనసాగుతుంది.