గాలి అంకెలు మనకెందుకు?

‘గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు’ అని రేడియోలో చెప్పినా, సెల్లుకి మెసేజి వచ్చినా మన పేటల్లో వినపడే మాట ఒకటే: “ఎప్పుడూ చెప్పేదేలే.” ఆ అంకె వెనక ఏముందో విడమర్చి చెప్పేవాడు లేకపోతే జనం అలాగే అంటారు. తప్పు జనానిది కాదు.

ముందు దిక్కు సంగతి. ఈశాన్య గాలి అంటే ఈశాన్యానికి పోయేది కాదు, అటునుంచి వచ్చేది. కళ్ళంలో చేట ఎత్తి గింజ తూర్పారబట్టిన ముసలాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. చదువుకున్న కుర్రాళ్ళే తికమక పడుతుంటారు.

ఇక వేగం. గాలి వేగం రెట్టింపయితే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 40 గాలికి ఊగి నిలబడిన తాటాకిల్లు 80 గాలికి ఎందుకు లేచిపోతుందో ఇప్పుడు అర్థమవుతుంది. 31 కిలోమీటర్ల నుంచి వాయుగుండం, 62 నుంచి తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను అని వాతావరణ శాఖ లెక్క.

తుపాను కబురులో రెండు అంకెలుంటాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలి 90–100, ఒక్కోసారి 110. మొదటిది మూడు నిమిషాల సగటు. రెండోది విసురు. అది క్షణాల్లో వచ్చి పోతుంది. కానీ రేకు లేపేదీ, కొమ్మ విరిచేదీ, కొబ్బరిచెట్టు మీదున్న మనిషిని పడదోసేదీ ఆ విసురే. చెట్టెక్కేవాడు సగటు కాదు, పెద్ద అంకె చూసుకోవాలి.

తుపాను ఎటుందో గాలే చెబుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే మన దేశంలో తుపాను కేంద్రం ఇంచుమించు ఎడమచేతి వైపు ఉంటుంది. తుపాను వాయవ్యంగా వస్తూ మనకు ఉత్తరాన తీరం దాటితే, ఈశాన్యపు గాలి ఉత్తరానికీ, అక్కణ్ణుంచి పడమరకీ తిరుగుతుంది. దక్షిణాన దాటితే తూర్పుకీ, ఆగ్నేయానికీ తిరుగుతుంది. ఈ రెండోదే భయం, ఎందుకంటే ఆ గాలి సముద్రాన్ని ఊళ్ళమీదికి తోస్తుంది. 1977 నవంబరు 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. దివిసీమ దానికి కుడిపక్కన పడింది. వేలమందిని మింగింది గాలి ఒక్కటే కాదు, గాలి తోసుకొచ్చిన ఉప్పెన. ఇంకో మాట. గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుపాను పోయిందని బయటికి రాకండి. కన్ను నెత్తిమీదికి వచ్చి ఉండొచ్చు. అది దాటాక ఎదురు దిక్కునుంచి మళ్ళీ కొడుతుంది.

తుపానులు ఏడాదికి ఒకటో రెండో. పురుగుమందు కొట్టడం రోజూ ఉండేదే. ఇరవై ఏళ్ళ వయసులో నేను మిరపచేలో డబ్బా వీపున వేసుకుని కొడుతుంటే గాలి తిరిగి మందంతా మొహాన పడింది. సాయంత్రం దాకా వాంతులు. ఆసామి సగం కూలీ కోశాడు. ఆ రోజు గాలి ఎంతుందో చూసే తెలివి నాకు లేదు, చెప్పిన నాథుడూ లేడు. అంకెలు దొరక్కపోయినా చెట్టు చెబుతుంది. మొహానికి గాలి తెలుస్తూ ఆకులు గలగలమంటే 6–11 కిలోమీటర్లు, కొట్టొచ్చు. దుమ్ము లేచి చిన్న కొమ్మలు ఊగుతుంటే 20 దాటినట్టే, డబ్బా దించండి. గాలి వీపుకో పక్కకో ఉండాలిగానీ మొహానికి ఉండకూడదు.

కోతల ముందు వచ్చే గాలి సంగతి వేరే చెప్పాలి. వెన్ను బరువెక్కిన వరి విసురుకి పడిపోతుంది. నేలకంటిన చేలో మనిషి ఎకరం కోయడానికి పట్టే రోజులు పెరుగుతాయి, నడుం విరుగుతుంది. మిషన్ కూడా సరిగా ఎత్తలేదు. ఆసామేమో నిలబడిన చేను రేటే చూపిస్తాడు. నష్టపోయిన చిన్న రైతుదీ బాధే, కాదనం. అయినా పడిన చేనుకు వేరే రేటని హెచ్చరిక వచ్చిన సాయంత్రమే కూర్చుని మాట్లాడుకున్న ఊళ్ళల్లో గట్టుమీద గొడవలు తక్కువ. కిందటిసారి మా పక్క ఊరిలో కొడవళ్ళు పట్టుకుని చేలోకి దిగాక మొదలెట్టారు, మధ్యాహ్నానికి గానీ తెగలేదు.