కవిలెకట్టలో మన ఊరు

కడప నుంచి ఎర్రగుంట్లకు పోయే రైలు కమలాపురం దాటాక ఎర్రగుడిపాడు అనే చిన్న స్టేషను వస్తుంది. ఆ పేరు చదివి ఎవరూ లేచి నిలబడరు. కానీ తెలుగులో మనకు దొరికిన తొలి శాసనాల్లో ఒకటి ఆ ఊరిదే. వేయించినవాడు రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు.

అందులో యుద్ధాల గొప్పలు లేవు. కొంత నేల దానమిచ్చారు, దానికి 'పన్నస' అన్నారు, సాక్షులెవరో పేర్లు చెక్కించారు. ఈ చుట్టుపక్కలదే అయిన కలమళ్ల శాసనాన్ని పండితులు క్రీ.శ. 575 ప్రాంతానిదిగా లెక్కగట్టారు. నేల, ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, సాక్షి. ఈరోజు రిజిస్ట్రార్ ఆఫీసులో మనం రాయించుకునే కాగితంలోనూ ఉండేది ఇవే. మన చరిత్ర మొదటి పేజీ ఒక భూమి పత్రం అని తెలిసినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

రాతి మీద పట్టనిదంతా కరణం కవిలెలోకి, అంటే ఊరి లెక్కల పుస్తకంలోకి ఎక్కింది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కుంఫణీకి ధారపోశాక కుంఫణీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగారు. కరణాల దగ్గరున్న దండకవిలెలు చూసి, అవి లేనిచోట పెద్దలు చెప్పింది విని రాసుకున్నవే కైఫియత్తులు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, అడవి కొట్టి ఊరు కట్టింది ఎవరు, చెరువు తవ్వించింది ఎవరు, గుడికి మాన్యమెంత, ఏ పాళెగాడి ఏలుబడిలో ఊరు పాడైంది, మళ్లీ ఎప్పుడు నిలబడింది, కరణం మిరాసీ ఎవరి చేతి నుంచి ఎవరికి పోయింది, అన్నీ ఆనాటి వాడుక తెలుగులోనే ఉంటాయి. గండికోట కైఫియత్తు చదివితే ఆ కోటను ఏలిన పెమ్మసాని వారి కాలం కోట గోడల కన్నా స్పష్టంగా కనిపిస్తుంది.

మెకంజీకి మన భాషలు రావు. పని నడిపించింది కావలి సోదరులు. పెద్దవాడు వెంకట బొర్రయ్య 1803లోనే చిన్న వయసులో పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ బరువెత్తుకున్నాడు. ఇంకో తమ్ముడు రామస్వామి 1829లో దక్కన్ కవుల జీవితాలను ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చాడు. గురజాడ శ్రీరామమూర్తి, వీరేశలింగం కవుల చరిత్రలకు పూనుకున్నది ఆ తర్వాతే. 1821లో మెకంజీ చనిపోయాక కుంఫణీ ఆ సేకరణను అతని భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నది. మిగిలిన పని తాను పూర్తిచేస్తానని లక్ష్మయ్య అడిగితే కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. అది అన్యాయం. ఒప్పుకొని ఉంటే ఇంకెన్ని ఊళ్ల కథలు దక్కేవో!

దొరలు రాసిన పుస్తకాలు కూడా మనకు కావాలి. గ్రిబుల్ 1875లో కడప జిల్లా మాన్యువల్ రాశాడు, బ్రాకెన్‌బరీ 1915లో గెజిటీరు. పంటలు, పన్నులు, కరువుల వివరాలకు వాటినే తిరగేయాలి. కానీ అవి కచేరీలో కూర్చుని ఊరిని చూసిన పుస్తకాలు. కైఫియత్తు ఊరి అరుగు మీద కూర్చుని చెప్పింది. అదీ కరణం అరుగే అన్న సంగతి మరవకూడదు. మాలపల్లె, మాదిగపల్లె, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకున్న నేతగాడు, ఇంట్లో ఆడవాళ్లు అందులో తమ నోటితో మాట్లాడరు.

ఆ లోటు తెలిసి చదివితే కైఫియత్తు విలువ పెరుగుతుందే కానీ తగ్గదు. దక్షిణాదివాళ్లకు చరిత్ర రాసుకునే అలవాటే లేదన్న మాటను వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో వచ్చిన 'టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్'లో కొట్టిపారేశారు. కరణాల చదువుకు, వాళ్ల వచనానికి అందులో పెద్దపీట వేశారు. 2012లో రమాసుందరి మంతెన పుస్తకం కావలి సోదరుల పనిని మళ్లీ వెలుగులోకి తెచ్చింది.

పాడైపోతున్న మెకంజీ కాగితాలకు మద్రాసులో నకళ్లు రాయించింది సి.పి.బ్రౌన్. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే, ఎర్రముక్కపల్లెలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి గ్రంథాలయం నిలబెట్టారు. కట్టా నరసింహులు పరిష్కరించిన మన జిల్లా కైఫియత్తులు అక్కడి నుంచే సంపుటాలుగా అచ్చయ్యాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు వాళ్లు కడపకు పోయినప్పుడు ఒక పూట అక్కడ గడపండి. మీ ఊరి పేరు వెతకండి.

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. ఆ ఇళ్లలోని లెక్కలు కొన్ని సర్కారుకు చేరాయి, కొన్ని అటకెక్కాయి. మీ అటక మీద తాటాకు కట్టో, ఎర్రగుడ్డలో చుట్టిన పాత పద్దుల పుస్తకమో ఉంటే కాగితాల బండికి వేయకండి. ఎర్రముక్కపల్లెకు తీసుకెళ్లి ఒకసారి చూపించండి.